రక్తదాన శిబిరానికి ఫోన్ బ్లాగు: పిలుపు నుంచి లెక్క అప్పజెప్పేదాకా

రక్తదాన శిబిరం అనగానే మన ఊళ్లలో ఫ్లెక్సీ కొట్టిస్తారు, ఆటోకి మైకు కట్టిస్తారు, వాట్సాప్ గ్రూపులన్నిటిలో పోస్టరు పెడతారు. జనం వస్తారు, రక్తం ఇస్తారు, సర్టిఫికెట్ పట్టుకుని ఇళ్లకు వెళ్తారు. ఎన్ని యూనిట్లు వచ్చాయి, అవి ఏ ఆసుపత్రికి చేరాయి, చందా డబ్బు ఎంత మిగిలింది అన్నది మాత్రం తర్వాత ఎవరూ చెప్పరు. మళ్లీ పిలిచినప్పుడు జనం రాకపోతే సూదికి భయపడ్డారనుకుంటాం. చాలాచోట్ల అసలు కారణం ఆ మౌనమే. ఫోన్‌లోంచి నడిపే చిన్న బ్లాగుతో ఈ లోటు తీర్చవచ్చు. ఖర్చు లేదు, కంప్యూటరు అక్కర్లేదు. కావలసిందల్లా ఒకరిద్దరి ఓపిక, కొంచెం ముందుచూపు.

వాట్సాప్ ఉండగా బ్లాగు ఎందుకు అని అడిగేవారుంటారు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. గ్రూపులో పెట్టిన పోస్టరు సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజీని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చినా, మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే అది అందుతుంది. పైగా శిబిరం టైమ్ మారితే, అప్పటికే తిరుగుతున్న పోస్టరును వెనక్కి పిలవలేం. బ్లాగులో అయితే విషయం ఒక్కచోటే ఉంటుంది. అక్కడ మారిస్తే లింకు నొక్కిన ప్రతివాళ్లకీ మారినదే కనిపిస్తుంది. వాట్సాప్ లింకును మోయాలి, విషయం బ్లాగులో ఉండాలి.

పేజీ తెరిచేటప్పుడు

బ్లాగర్ అయినా వర్డ్‌ప్రెస్ అయినా సరిపోతుంది. డబ్బు ఖర్చు లేకుండా, ఫోన్ బ్రౌజరులోనే పని కావాలంటే బ్లాగర్ తేలిక. ఎవరి సొంత జీమెయిల్‌తోనో తెరవకండి. కమిటీ పేరుతో కొత్త జీమెయిల్ చేసి, రికవరీ నంబరుగా ఇంకొకరి ఫోన్ నంబరు ఇవ్వండి. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి మరో ఇద్దరిని రచయితలుగా చేర్చండి. ఫోన్ పోయినా, పేజీ చూసుకునే కుర్రాడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చినా పేజీ ఆగకూడదు.

అడ్రసు ఇంగ్లిషు అక్షరాల్లో, పొట్టిగా ఉండాలి. ఊరి పేరు, దాని పక్కన రక్తదానం అన్న మాట చాలు. మైకులో చదివితే పదో తరగతి పిల్లాడు విని టైపు చేయగలగాలి. అంతకన్నా పొడుగైతే ఎవరికీ గుర్తుండదు.

మొదటిరోజే మార్చుకోవలసినవి ఇంకో మూడున్నాయి. టైమ్ జోన్ ఒకటి: కొత్త బ్లాగులో అది అమెరికా టైములో ఉండిపోవచ్చు, దాన్ని భారత కాలమానానికి మార్చకపోతే ఉదయం 6కి షెడ్యూల్ చేసిన పోస్టు సాయంత్రం ఎప్పుడో బయటికొస్తుంది. కామెంట్లు మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా పెట్టుకోండి, లేకపోతే రక్తం అమ్ముతామనే దళారులు నంబర్లు వదిలిపోతారు. మూడోది పోస్టు లింకు. శీర్షిక తెలుగులో రాస్తే బ్లాగర్ ఆ అక్షరాలను వదిలేసి, అన్ని పోస్టులకూ ఒకేలాంటి అర్థంలేని లింకు ఇస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో అదే తెలుగు శీర్షిక శాతం గుర్తులతో రెండు మూడు వరుసల పొడుగు లింకుగా మారుతుంది. ప్రచురించే ముందే పర్మాలింకు దగ్గర శిబిరం అన్న మాటా, నెలా ఇంగ్లిషు అక్షరాల్లో చేత్తో రాసుకోండి.

డీటీపీ షాపు గురించి కూడా ఒక మాట. ఫ్లెక్సీ చేసిన షాపతను మీకిచ్చే మేటరు చాలావరకు అనూ ఫాంట్లలో ఉంటుంది. అది ఫోన్లు చదవగలిగే యూనికోడ్ కాదు. కాపీ చేసి ఫోన్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ మేటరును ఫోన్ కీబోర్డుతోనే మళ్లీ కొట్టాలి. జీబోర్డు మైకు నొక్కి చెబితే పని త్వరగా అవుతుంది కానీ తేదీలు, ఫోన్ నంబర్లు, ఇంటిపేర్లు తప్పుగా పడతాయి. వాటిని వేలితోనే కొట్టి, ప్రచురించే ముందు పక్కనున్నవారికి పైకి చదివి వినిపించండి.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లో నేరుగా బ్లాగర్ పేజీలో రాయకండి. మధ్యలో నెట్ పోతే రాసిందంతా పోవచ్చు. ఫోన్‌లోని నోట్స్‌లో రాసుకుని, నెట్ వచ్చాక పేస్టు చేయండి.

పిలుపు పోస్టు

ముందు బ్లడ్ సెంటరు (బ్లడ్ బ్యాంకు) వాళ్లతో మాట్లాడాలి. శిబిరంలో రక్తం సేకరించే అధికారం లైసెన్సున్న బ్లడ్ సెంటరుకే ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిదో, రెడ్‌క్రాస్‌దో, గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థదో అయి ఉండాలి. వాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న: మీకు ఎన్ని యూనిట్లు కావాలి? ఇది చాలామంది అడగరు. హీరో పుట్టినరోజనో, నాయకుడి పుట్టినరోజనో జిల్లా అంతటా ఒకేరోజు శిబిరాలు పెడతారు. మామూలు బ్యాగులో రక్తం నిల్వ ఉండేది 35 రోజులు, వేరుచేసిన ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకేరోజు పోటెత్తిన రక్తం మే నెలలో అక్కరకు రాదు. కాలేజీలకు సెలవులిచ్చి, ఎండలు ముదిరి, దాతలు దొరకని రోజులవి. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వాళ్ల అవసరం ఎవరి పుట్టినరోజునీ చూసి రాదు. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబరు 1 మన జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఆ రెండు రోజులూ శిబిరాలు ఎక్కువే. వీలైతే వాటికి అటో ఇటో పెట్టుకోండి, లేదా ఎండాకాలంలో ఉదయం పూట పెట్టండి.

తేదీ ఖాయం చేసేముందు ఇంకోటి చూడాలి. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు. శనివారం ఒక్కపొద్దులుండేవాళ్లు, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లు, రంజాన్ ఉపవాసాల్లో ఉన్నవాళ్లు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ రోజుల్లో పెడితే వాళ్లు రాలేరు, వచ్చినా కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక టైములు. నిబంధనల ప్రకారం ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, 6 నుంచి 8 బల్లలతో సుమారు 3 గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర, 5 గంటల్లో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం తీసుకోవచ్చు. దీన్ని బట్టి గంటకు 20 మందికి మించి పిలవకండి. అందరినీ 9 గంటలకే రమ్మంటే 10 గంటలకు షామియానా కింద క్యూ నిండిపోతుంది, 11కి సగం మంది విసుగెత్తి వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లు పదిమందికి చెబుతారు కూడా. గూగుల్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, రాగల గంట మాత్రమే అడగండి. గంటకు 20 నిండగానే ఆ గంటను తీసేయండి.

పోస్టును బొమ్మగా కాకుండా అక్షరాలుగా రాయండి. పోస్టరు బొమ్మలోని అడ్రసును కాపీ చేసుకోవడం కష్టం, గూగుల్‌లో వెతికితే దొరకడం కష్టం, కళ్లు కనపడనివారి ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించకపోవచ్చు. పోస్టరు పెట్టాలనుకుంటే కింద పెట్టండి. పైన ఇలా ఉంటే చాలు:

*రక్తదాన శిబిరం. అక్టోబరు 4, ఆదివారం. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. జడ్పీ హైస్కూలు, గేటు లోపల కుడివైపు రెండో గది. రక్తం తీసుకునేది: (బ్లడ్ సెంటరు పేరు, లైసెన్సు నంబరు). కావలసినవి 70 యూనిట్లు.*

*ఇవ్వగలిగినవారు: 18 ఏళ్లు నిండి ఉండాలి, 65 దాటకూడదు. మొదటిసారి ఇచ్చేవారికి 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, అది అక్కడే చూస్తారు. క్రితంసారి ఇచ్చి మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు అయి ఉండాలి.*

*ఈసారికి వద్దు: గత ఏడాదిలో పచ్చబొట్టు వేయించుకున్నవారు, యాంటీబయాటిక్ మందులు వాడుతున్నవారు, ముందురోజు రాత్రి మద్యం తాగినవారు, గర్భిణులు, బాలింతలు.*

*వచ్చేముందు: టిఫిను తినండి, రెండు గ్లాసుల నీళ్లు తాగండి, చేతులు పైకి మడవడానికి వీలైన చొక్కా వేసుకోండి. ఆధార్ కార్డు తెచ్చుకోండి.*

కింద గూగుల్ మ్యాప్స్ పిన్ పెట్టండి. పిన్‌ను స్కూలు పేరు మీద కాదు, గేటు మీద వేయండి. పెద్ద ఆవరణ ఉన్నచోట మ్యాపు వెనకగోడ దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది.

లింకును గ్రూపుల్లోకి వదిలేముందు మీకు మీరే ఒకసారి వాట్సాప్‌లో పంపుకుని చూడండి. లింకు కింద వచ్చే బొమ్మ, శీర్షిక సరిగా ఉన్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒకసారి బయటికి వెళ్లాక మార్చినా, చాలా ఫోన్లలో పాత బొమ్మే కనిపిస్తూ ఉంటుంది. పిలుపును మూడుసార్లు గుర్తుచేస్తే చాలు: పది రోజుల ముందు, మూడు రోజుల ముందు, ముందురోజు సాయంత్రం 7కి. రోజూ పెడితే గ్రూపును మ్యూట్ చేసేస్తారు.

ఇంకో పోస్టు తప్పక రాయాలి, ముందే. "మేం ఊరికే ఇస్తే వాళ్లు అమ్ముకుంటున్నారు" అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దాన్ని తప్పించుకోకండి. మన దేశంలో రక్తం అమ్మకం నిషేధం. సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిని పూర్తిగా నిలిపేశారు. బ్లడ్ సెంటరు తీసుకునేది ప్రాసెసింగ్ రుసుము. బ్యాగు ఖరీదు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు, రక్తాన్ని భాగాలుగా వేరుచేయడం, నిల్వ, ఇవన్నీ అందులోకి వస్తాయి. మీరు పిలుస్తున్న సెంటరు ఎంత రుసుము తీసుకుంటుంది, తలసీమియా పిల్లలకు ఎలా ఇస్తుంది అన్నది ముందే అడిగి అంకెతో సహా రాయండి. అంకె చెప్పడానికి ఇష్టపడని సెంటరును పిలవకపోవడమే మంచిది.

డబ్బు, సరుకు

"తోచిన సాయం చేయండి" అని రాస్తే ఎవరికీ ఏమీ తోచదు. ఏం కావాలో లెక్కతో రాయండి. వందమందికైతే అరటిపళ్లు 10 డజన్లు, 200 మి.లీ. పళ్లరసం ప్యాకెట్లు 120, గ్లూకోజు బిస్కెట్ల చిన్న ప్యాకెట్లు 120, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 5. ఇరవై ఎక్కువ ఎందుకంటే వాలంటీర్లూ, బ్లడ్ సెంటరు సిబ్బందీ తింటారు. ఎవరైనా అరటిపళ్లు ఒప్పుకోగానే ఆ వరుస పక్కన "అందింది" అని రాయండి. ఈ చిన్న మార్పు వల్లే పళ్లు మూడుచోట్ల నుంచి రావడం, నీళ్లు అసలు రాకపోవడం లాంటివి తప్పుతాయి. దాతలకు హెల్మెట్లు, వాచీలు ఇస్తామని రాయకండి. బహుమతి కోసం వచ్చినవాడు డాక్టరు అడిగిన ప్రశ్నలకు నిజం చెప్పడు. పచ్చబొట్టు దాస్తాడు, జబ్బు దాస్తాడు. పండు, రసం, సర్టిఫికెట్ చాలు.

డబ్బు తీసుకుంటే సొసైటీ పేరుమీదున్న ఖాతా యూపీఐకే తీసుకోండి, ఒకరి సొంత నంబరుకి వద్దు. స్కాన్ చేసినప్పుడు ఏ పేరు కనిపించాలో పోస్టులో రాసేయండి. క్యూఆర్ మీద ఎవరైనా ఇంకో స్టిక్కరు అంటించినా దాతకు అప్పుడే తెలిసిపోతుంది. 80జీ రసీదు ఇచ్చే సంస్థ అయితే, నగదు రూపంలో 2000 రూపాయలు మించిన చందాకు పన్ను మినహాయింపు రాదని కూడా చెప్పండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఊరివాళ్లు లింకు చూసి డబ్బు పంపుతామంటారు. ఇక్కడ జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి డబ్బు తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కానీ, ముందస్తు అనుమతి కానీ ఉండాలి. అది లేనప్పుడు మొహమాటపడకుండా వద్దనండి. ఆ మాట పోస్టులోనే ఉంటే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఇబ్బంది ఉండదు.

శిబిరం రోజు

ముగ్గురుండాలి. ఒకరు రాస్తారు, ఒకరు ఫొటోలు తీస్తారు, ఒకరు ఫోన్లు ఎత్తుతారు. రాసే ఫోన్‌కి కాల్స్ వస్తే పని సాగదు, అందుకే పోస్టరు మీద ఇచ్చే నంబరు వేరే ఫోన్‌ది అయి ఉండాలి. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి, ముందురోజు రాత్రే చార్జి చేసి.

ఆరోజు కొత్త కొత్త పోస్టులు పెట్టకండి. పిలుపు పోస్టునే తెరిచి, పైన ఒక్క వరుస రాయండి: "ఉదయం 10:40కి: ఇప్పటికి 26 మంది ఇచ్చారు. ఇప్పుడొస్తే అరగంట ఆగాలి, 11:30కి వస్తే తీరిక." టైమ్ తప్పనిసరి. జనం ఈ వరుసనే స్క్రీన్‌షాట్ తీసి పంపుకుంటారు, టైమ్ లేకపోతే మధ్యాహ్నం 3కి కూడా ఎవరో బయల్దేరి వస్తారు. మూసేసిన వెంటనే "శిబిరం ముగిసింది" అని శీర్షికలోనే చేర్చండి.

ఫొటోల దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఎర్ర షామియానా కింద తీస్తే అందరి మొహాలూ ఎర్రగా, నీలం కింద తీస్తే జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. టెంటు హౌసు వాళ్లను తెల్లగుడ్డ అడగండి, లేదా గదిలోనే కిటికీ మీ వెనక ఉండేలా నిలబడి తీయండి. ఫ్లాష్ వద్దు. సూది గుచ్చిన చోటు, రక్తం నిండిన బ్యాగు చూపించకండి, మొదటిసారి రావాలనుకున్నవాళ్లు ఆ ఫొటో చూసి ఆగిపోతారు. స్పాంజి బంతి పిసుకుతున్న పిడికిలి, రసం తాగుతూ పక్కవాళ్లతో మాట్లాడుతున్న దాత, ఇవి బాగుంటాయి. పెద్దలు పదిమంది బల్ల చుట్టూ మూగి ఫొటో దిగడాన్ని ఒప్పుకోకండి. పడుకున్న మనిషికి గాలాడదు, నర్సుకు చోటుండదు. వాళ్లను బయట బ్యానరు దగ్గర నిలబెట్టి తీయండి.

ఫ్రేములో దాత ఫారం, బ్యాగు మీది నంబరు, రిజిస్టరు పడ్డాయేమో జూమ్ చేసి చూడండి. ప్రతి మొహానికీ ముందే అనుమతి అడగాలి. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపినవారి ఫొటో కానీ పేరు కానీ ఎక్కడా రాకూడదు. ఆడపిల్లల్లో ఇలా వెనక్కి వెళ్లేవాళ్లు ఎక్కువ. వాళ్లు ఊళ్లో తలదించుకునే పరిస్థితి మన పేజీ వల్ల రాకూడదు. "ఈసారి కుదరనివారు ఇనుము ఉన్న తిండి తిని, డాక్టరు సలహాతో మళ్లీ రండి" అని అందరికీ కలిపి ఒక మాట రాస్తే చాలు.

వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగిన ఫొటోలు మసకబారతాయి. ఫొటోలు తీసినవారు వాటిని డాక్యుమెంటుగా పంపాలి. బ్లాగులో పెట్టేముందు పొడుగువైపు 1600 పిక్సెళ్లకు తగ్గిస్తే ఒక్కోటి 300 కేబీ లోపు వస్తుంది, పల్లెలో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది. ఆరేడు ఫొటోలు చాలు.

శిబిరం తర్వాత

మూడు రోజుల్లోగా లెక్క పోస్టు రావాలి. ఈ మొత్తం పనిలో దీనికే ఎక్కువ విలువ. ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఇచ్చారు, ఎన్ని యూనిట్లు, ఏ సెంటరుకు వెళ్లాయి, ఎంత డబ్బు వచ్చింది, దేనికెంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఆ మిగిలింది ఎక్కడుంది. షామియానా అద్దె 1800 అయితే 1800 అనే రాయండి, "ఇతర ఖర్చులు" అన్న వరుస ఒక్కటి కూడా వద్దు. బిల్లుల ఫొటోలు కింద పెట్టండి, వాటిమీది ఫోన్ నంబర్లు చెరిపి. రెండు వారాల తర్వాత బ్లడ్ సెంటరుకు ఫోన్ చేసి ఎన్ని యూనిట్లు వాడకంలోకి వెళ్లాయో అడిగి, అదే పోస్టులో చేర్చండి. పరీక్షల ఫలితాల సంగతి మాత్రం సెంటరుకూ దాతకూ మధ్యనే ఉండాలి.

దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు కలిపి జాబితాగా పేజీలో పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పెట్టకండి. ఆ నంబర్లు దళారుల చేతికి పోతాయి, అర్ధరాత్రి ఫోన్లతో విసిగి దాతలు నంబర్లు మార్చుకుంటారు. ఆ జాబితా ఒక్కరి దగ్గరే, తాళం ఉన్న షీటులో ఉండాలి.

ఇక అత్యవసరంగా రక్తం కావాలనే విన్నపాలు మీ పేజీకి తప్పకుండా వస్తాయి. పెట్టేముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఆసుపత్రి, వార్డు, గ్రూపు, కావలసింది రక్తమా ప్లేట్‌లెట్లా, ఎన్ని యూనిట్లు, ఏ రోజు ఏ గంటలోగా, పోస్టు పెట్టిన తేదీ, టైమ్ ఉండాలి. రోగి పేరు, జబ్బు పేరు అక్కర్లేదు. మెషీను మీద ప్లేట్‌లెట్లు ఇవ్వాలంటే దాత ఆ సెంటరుకే వెళ్లాలి, కాబట్టి ఊరు స్పష్టంగా రాయండి. ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో దగ్గర్లోని సెంటర్లలో నిల్వ ఎంతుందో చూడమని రోగి బంధువులకు అదే ఫోన్‌లో చెప్పండి. "వస్తున్నాను, ముందు చార్జీలు ఫోన్‌పే చేయండి" అనే మోసగాళ్లు ఇలాంటి నంబర్ల కోసమే కాచుకుని ఉంటారు. ఆసుపత్రిలో మనిషి కనపడేదాకా ఒక్క రూపాయి పంపొద్దని పోస్టు కింద రాయండి. రక్తం దొరకగానే శీర్షిక ముందు "అందింది" అని చేర్చి ఫోన్ నంబరు తీసేయండి. అలా చేయని విన్నపాలు నెలల తర్వాత కూడా గ్రూపుల్లో తిరుగుతూ, బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి కూడా ఫోన్లు తెప్పిస్తాయి.

లెక్క పోస్టు పెట్టిన రోజే ఇంకో రెండు పోస్టులు రాసి షెడ్యూల్ చేసేయండి. అక్టోబరు 4న రక్తమిచ్చిన మగవారు మళ్లీ ఇవ్వగలిగేది జనవరి 2 నుంచి, ఆడవారు ఫిబ్రవరి 1 నుంచి. ఆ రెండు ఉదయాలూ 6 గంటలకు, పోయినసారి ఎన్ని యూనిట్లు ఎక్కడికి చేరాయో గుర్తుచేస్తూ, ఈసారి శిబిరం కోసం ఆగకుండా నేరుగా వెళ్లదగ్గ బ్లడ్ సెంటరు అడ్రసు, పనివేళలతో పోస్టు బయటికి రావాలి.